ట్రిప్పు లెక్క
మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండాకాలంలో ‘ఇవాళ ఎన్ని ట్రిప్పులు?’ అని ఎవరైనా అడిగితే ఊటీ, కొడైకెనాల్ గుర్తు చేసుకోకండి. అది నీళ్ల ట్యాంకరు లెక్క. బోర్లు ఎండిపోయి, ఉన్న నీళ్లలోనూ ఫ్లోరైడు బెడదగా మారిన ఈ ప్రాంతంలో ట్రిప్పంటే విహారం కాదు, కొలత. ఇసుకైనా, వరిగడ్డైనా, పలకరాయైనా బండి నిండా ఒక విడత. ఈ మాట పాత ఫ్రెంచి నుంచి 14వ శతాబ్దం ప్రాంతంలో ఇంగ్లీషులోకి దిగినప్పుడు దానర్థం తేలిగ్గా అడుగులేయడం, చిందేయడం. చిందేసే కాలు తట్టుకోవడమూ మామూలే కాబట్టి తూలిపడటమనే అర్థమూ చేరింది. చిన్న ప్రయాణమనే అర్థం ఆ తర్వాత గాని రాలేదు. అదీ మొదట ఓడవాళ్ల మాటేనంటారు. పొలంలో మోటారు ‘ట్రిప్పయింది’ అంటామే, అదీ ఈ వంశమే. దీనికి చుట్టంలా కనిపించే ‘టూరు’ది వేరే ఇల్లు: కొయ్యను గుండ్రంగా చెక్కే తరిమెనకు లాటిన్‌లో ఉన్న పేరు దాని మూలం, అందుకే టూరు వెళ్లినవాడు చుట్టి మొదటికి రావాలి. తడవ, మారు మనవే. దఫా అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇన్ని ఉండగా ట్రిప్పెందుకంటే, అవి ఎన్నిసార్లో చెబుతాయి గాని ఎంత మోశారో చెప్పవు. ట్రిప్పు రాకపోకల్నీ బరువునీ ఒక్కమాటలో చెబుతుంది. ‘ఒక ట్రిప్పు నీళ్లు’ అంటే లండన్‌వాడు తెల్లమొహం వేస్తాడు. ఆ అర్థం మన ట్యాంకర్లు పెట్టింది.