ఫోటోని తలకిందులు చేసి చూసినాయన

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. గ్యాలరీలో మీకు బాగా నచ్చిన ఫోటో ఒకటి తెరిచి, ఎడిట్‌లోకి వెళ్ళి రెండుసార్లు రొటేట్ కొట్టండి. తలకిందులైంది కదా? ఇప్పుడు చూడండి. అందులో మొహం మొహంలా, గుడి గుడిలా అనిపించదు. గీతలు, ఖాళీలు, వెలుగు, నీడ, అంతే. బరువంతా ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

ఈ ట్రిక్ నాది కాదు. హెన్రీ కార్టియే బ్రెసన్ అనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్‌ది. ఫోటోల్ని ఇలా తిప్పి చూసే అలవాటు ఆయనకుండేది. ఈ రోజు కథ ఆయనది.

ముందు నా సంగతి ఒక్కటి చెప్తాను. కాలేజీ రోజుల్లో నేను ఏ ఫోటో పెట్టినా కింద 'సూపర్ బ్రో', 'కేక' అని వచ్చేవి. వాటిలో ఒకటి మా అమ్మమ్మ ఫోటో, ఇంటి ముందు నిలబెట్టి తీసింది. ఆమె పోయాక పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టిద్దామని మా ఊరి స్టూడియోకి తీసుకెళ్ళాను. ఆ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాబూ, కరెంటు స్తంభం ఈమె తలలోంచి మొలిచినట్టుంది. నీకెవరూ చెప్పలేదా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. మళ్ళీ తీద్దామంటే అమ్మమ్మ లేదు.

సరే, కథలోకి వద్దాం.

కార్టియే బ్రెసన్ 1908లో పుట్టాడు. మొదట ఆయన అవ్వాలనుకున్నది పెయింటర్. 1927లో పారిస్‌లో ఆండ్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర చేరాడు. ఈ లోత్ మాస్టారికి జామెట్రీ అంటే ప్రాణం. పాత మాస్టర్ల బొమ్మలు ముందు పెట్టి, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఈ ఆకారం ఇక్కడే ఎందుకుంది అని విప్పి చూపించేవాడు. గమనించారా? కుర్రాడు అప్పటికింకా ఫోటోగ్రాఫర్ కాదు, కానీ కంపోజిషన్ పాఠం అయిపోయింది.

తర్వాత ఆఫ్రికా వెళ్ళాడు. అక్కడ జ్వరంతో చావు దాకా వెళ్ళొచ్చాడు. తీసిన ఫిల్మ్ చాలావరకు తేమకి పాడైపోయింది. తిరిగొచ్చాక ఒక ఫోటో కంటపడింది. మార్టిన్ ముంకాచి తీసింది. ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు అలల్లోకి పరిగెడుతుంటారు. కెమెరాతో ఇంత చేయొచ్చా అనిపించింది ఆయనకి. 1932లో లైకా కొన్నాడు. చేతిలో ఇమిడిపోయే చిన్న కెమెరా. జనం దృష్టి పడకుండా మెరిసే భాగాలకి నల్ల టేపు అంటించాడు.

అదే ఏడాది ఫ్రాన్స్‌లోని ఇయేర్ అనే ఊళ్ళో తీసిన ఫోటో ఉంది, వెతికి చూడండి. పైనుంచి చూస్తే మెట్లు సుడి తిరుగుతూ దిగుతుంటాయి. కింద వీధిలో సైకిల్ మీద ఒకతను మసకగా దూసుకుపోతుంటాడు. సైకిల్ తీసేస్తే ఖాళీ మెట్లు, మెట్లు తీసేస్తే మామూలు సైకిల్. ఇలాంటి ఫోటో వెనకున్న పద్ధతి సింపుల్: ముందు చోటు చూసుకో, ఫ్రేమ్ కట్టుకో, తర్వాత మనిషి వచ్చేదాకా ఆగు. మనం రివర్స్‌లో చేస్తాం. మనిషి కనపడగానే నొక్కేసి, తర్వాత క్రాప్‌తో ఫ్రేమ్ కోసం వెతుక్కుంటాం.

ఆయన క్రాప్ చేయడానికి ఇష్టపడేవాడు కాదు. తమాషా ఏంటంటే ఆయన ఫోటోల్లో బాగా పేరున్న ఒకటి, పారిస్ సాంలజార్ స్టేషన్ వెనక నీటి గుంట మీదుగా గెంతుతున్న మనిషి ఫోటో, క్రాప్ చేసిందే. చెక్కల కంచె సందులోంచి తీశాడు, కంచె అడ్డొచ్చింది. రూల్ పెట్టుకున్నవాడికీ మినహాయింపు తప్పలేదు.

ఇక ఫీడ్‌బ్యాక్ సంగతి. 1947లో రాబర్ట్ కాపా, డేవిడ్ సేమూర్, జార్జ్ రోజర్ లాంటివాళ్ళతో కలిసి మ్యాగ్నమ్ అనే ఫోటోగ్రాఫర్ల సహకార సంస్థ పెట్టారు. కాపా ఆయనకి ఒక సలహా ఇచ్చాడు: సర్రియలిస్ట్ అనే ముద్ర వేయించుకోకు, ఫోటో జర్నలిస్టుగా ఉండు, ఆ మిగతాది మనసులో దాచుకో. పొగడ్త కాదది, దారి మార్చిన మాట. ఆ దారిలోనే ఆయన ఇండియా వచ్చాడు. 1948 జనవరి 30న గాంధీగారిని కలిసి ఫోటోలు తీసుకుని వెళ్ళిన కాసేపటికే హత్య జరిగింది. ఆ అంత్యక్రియల ఫోటోలు ప్రపంచమంతా చూసింది.

అప్పట్లో కాంటాక్ట్ షీట్ అని ఒకటుండేది. ఒక రోల్‌లో 36 ఫోటోలు. అన్నీ ఒకే కాగితం మీద చిన్న చిన్నగా ప్రింట్ చేసి, బాగున్నదాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసేవాళ్ళు. తప్పులన్నీ కళ్ళ ముందే ఉండేవి. ఇంకొకరు చూస్తే మన తడబాటు కూడా కనపడేది. మన ఫోన్‌లో బాగోలేనివి క్షణంలో డిలీట్ అయిపోతాయి, పాఠం కూడా వాటితోనే పోతుంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. రఘు రాయ్ చదివింది సివిల్ ఇంజనీరింగ్. అన్న ఎస్. పాల్ ఫోటోగ్రాఫర్. సరదాగా కెమెరా పట్టుకుని ఒక పల్లెలో గాడిద పిల్ల వెంట పడ్డాడు. దగ్గరికెళ్తే అది పరిగెత్తేది. చివరికి అది అలసిపోయి నిలబడ్డాక తీశాడు. ప్రింట్ చూసిన అన్న దాన్ని లండన్ టైమ్స్‌కి పంపితే వాళ్ళు అచ్చు వేశారు. 1966లో స్టేట్స్‌మన్ పత్రికలో చేరాడు. 1971లో పారిస్‌లో ఆయన ఎగ్జిబిషన్ చూసి ముచ్చటపడిన కార్టియే బ్రెసన్, 1977లో మ్యాగ్నమ్‌కి ఆయన పేరు ప్రతిపాదించాడు. లోత్ దగ్గర కూర్చున్న కుర్రాడు తన వంతు వచ్చేసరికి ఇంకొకరి ఫోటోల ముందు ఆగి చూశాడన్నమాట.

అన్నట్టు, తలకిందుల సంగతి మన హైదరాబాద్‌కీ తెలుసు. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్ వాడింది గాజు పలకల మీద ఫోటో దిగే పెట్టె కెమెరాల కాలం. నల్లగుడ్డ కప్పుకుని వెనక అద్దంలోకి చూస్తే బొమ్మ తలకిందులుగానే పడేది. దర్బారైనా, కోటైనా ముందు అలా చూసి సర్దుకోవాల్సిందే.

కాబట్టి ఈ వారం రెండు పనులు. మీ వీధిలో ఒకే చోట నిలబడి 36 ఫోటోలు తీయండి, ఒక్కటీ డిలీట్ చేయకండి. తర్వాత మీకు మొహమాటపడని మనిషికి అన్నీ చూపించండి. "బాగుందా?" అని అడక్కండి, "బాగుంది" అనేస్తారు. "ఇందులో నీకేం అడ్డొచ్చింది?" అని అడగండి.

ఆ ప్రశ్న నేను అప్పుడే ఒక్కరినైనా అడిగి ఉంటే, మా ఇంట్లో దండ వేసిన ఫోటోలో ఆ స్తంభం ఉండేది కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు కదా, ఇవాళే ఒక ఫోటో తీయండి. నొక్కే ముందు వెనక ఏముందో ఒకసారి చూసుకోండి. ఉంటాను మరి.