రేగడి డొంకల్లో సైకిలు జాడ

సైకిలంటే పట్నపు తారురోడ్డు గుర్తుకు రావచ్చు గానీ, గుంటూరు, ప్రకాశం సీమల్లో దాని అసలు చరిత్ర డొంకల్లోనే నడిచింది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ ఇంగ్లండులో రోవర్ సైకిలును రూపొందించాడు. మూడేళ్లకు డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ రెండూ కలిసిన బండి ఓడలెక్కి మన తీరానికి చేరిన తొలినాళ్లలో ప్లీడర్లకు, ఉద్యోగులకు, నాలుగు కాసులున్న ఆసాములకే దక్కింది. ర్యాలీ సైకిలు ఎక్కిన మనిషి ఊళ్లోకి వస్తే పిల్లలు వెంటపడేవారు.

మలుపు తిరిగింది స్వాతంత్ర్యం తరువాతే. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాక సైకిలు బడిపంతులుకూ, పాలవాడికీ, చీరాల చీరలు మూటగట్టి ఊరూరా అమ్మేవాడికీ అందింది. అలకపాన్పు ఎక్కిన అల్లుడు అడిగే వస్తువుల్లోకీ చేరింది. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభకు వెళ్లి, ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్లేవారు. అక్కడివాళ్లకు అది వింత. ఇక్కడ పార్టీ కార్యకర్తలు సైకిలు దిగకుండా పల్లెలు చుట్టిన కాలమది.

ఇరవై కిలోల ఆ బండికి గేర్లు లేవు, షాకబ్జార్బర్లు లేవు. దాన్ని పరీక్షించింది మాత్రం నల్లరేగడి. వేసవిలో నేల నెర్రెలు తీస్తే ముందు చక్రం అందులో దిగబడేది. ఎడ్లబండ్ల గాడిలో పడితే మళ్లీ ఒడ్డెక్కడం గగనం. తొలకరి జల్లు పడిందా, బంకమట్టి టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డులోకి ఎక్కి, చక్రాన్ని తిరగనిచ్చేది కాదు. దిగి, కందికట్టెతో మట్టి గీకి, పది గజాలు నడిపి, మళ్లీ గీకి, చివరికి విసిగి భుజాన వేసుకోవడమే. పొలానికి మనిషిని మోసుకెళ్లిన సైకిలును మనిషి ఇంటికి మోసుకొచ్చేవాడు. ఇంటికొచ్చాక ముందు దాన్ని కడిగి, ఆ తరువాతే తన కాళ్లు కడుక్కునేవాడు. సీటు అందక, బారు కింద కాలు దూర్చి అరతొక్కుడు తొక్కిన మా తరానికి ఆ మర్యాద తెలుసు.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. కుడి కాలువ మెట్టపొలాల్ని మార్చింది. మార్చిందన్నది అందరూ చెప్పేదే. కాలువకట్ట సైకిలుకు కొత్త బాట ఇచ్చిన సంగతి ఎవరూ రాయలేదు. ఊరి డొంక తప్ప దారి ఎరుగనివాళ్లు కట్టెక్కి పొరుగూరికి, ఆపై ఊరికి సాగిపోయారు.

1980లో టీవీఎస్ 50 వచ్చింది. 1985లో హీరో హోండా సిడి 100 వచ్చింది. సైకిలును పక్కకు నెట్టిన ఆ రెండో బండి వెనక ఉన్నది హీరో సైకిలు చేసిన ముంజాల్ కుటుంబమే. ఎన్నికల గోడల మీద సైకిలు గుర్తు వెలుగుతున్న ఆ రోజుల్లోనే అసలు సైకిలు వసారాలో మూలకు చేరింది. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది.

మరో ఖండంలో ఇంకో కథ నడిచింది. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లను బాగుచేసి, కొండ మీంచి మట్టిదారిన దించేవారు. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ల పందెం పేరు రీప్యాక్. దిగేసరికి వెనక బ్రేకు హబ్బులో గ్రీజు మాడిపోయి, మళ్లీ కూరాల్సి వచ్చేది గనుక ఆ పేరు. మౌంటెన్ బైకు పుట్టుక అదే. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కూ ఎక్కింది. ఏటా హబ్బు విప్పి, గోళీలు కిరసనాయిల్లో కడిగి, గ్రీజు కూరే మన సైకిలు షాపు మేస్త్రీకి ఆ పేరులో వింతేమీ కనబడదు.

ఇప్పుడు ఆ వంశపు గేరు సైకిళ్లు మన దారుల్లోకీ వచ్చాయి. తెల్లవారుజామున రెడ్డిరాజుల కొండవీటి ఘాట్ ఎక్కేవాళ్లున్నారు, కోటప్పకొండ మలుపులు తొక్కేవాళ్లున్నారు. దిగాక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ ఇల్లు చేరతారు. బండి మారింది, డొంక మారలేదు. కాలువకట్ట పొడవునా సర్కారుతుమ్మ పెరిగింది. దాని ముల్లుకు ఏ దేశపు టైరైనా ఒకటే లెక్క. ఆ వైపు వెళ్లేవాళ్లు ఒక ట్యూబు అదనంగా పెట్టుకోండి.