కబురు చేరితే చాలదు, తాజాగా చేరాలి

వాహనాలు ఒకదానితో ఒకటి తీగ లేకుండా మాట్లాడుకోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. నౌకలు ఆ పని నూరేళ్ళ క్రితమే చేశాయి. చిక్కల్లా కబురును పాతబడకుండా చేర్చడంలోనే ఉంది.

1912 ఏప్రిల్ 14 రాత్రి 9.40 గంటలకు 'మెసాబా' అనే నౌక, దారిలో మంచుకొండలున్నాయని టైటానిక్‌కు వైర్‌లెస్ ద్వారా తెలియజేసింది. టైటానిక్ ఆపరేటరు ఆ రాత్రి ప్రయాణికుల సొంత టెలిగ్రాములను కేప్ రేస్ కేంద్రానికి పంపడంలో తలమునకలై ఉన్నాడు. ఆ హెచ్చరిక నౌకాధికారుల దాకా వెళ్ళలేదు. రెండు గంటల తర్వాత నౌక మంచుకొండను ఢీకొంది. 1,500 మందికి పైగా జలసమాధి అయ్యారు.

ఇక రోడ్డు మీది వాహనాల మాట. వాటి మధ్య రేడియో సంభాషణ నిమిత్తం అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1999లో 75 మెగాహెర్ట్జ్ మేర తరంగాలను కేటాయించింది. ప్రతి కారూ తానెక్కడున్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ సెకనుకు పది సార్లు చుట్టుపక్కల కార్లకు చాటాలన్నది ఉద్దేశం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో 20 మీటర్లు దాటుతుంది. అంటే ఒక్క సెకను పాతదైన కబురు 20 మీటర్ల మేర అబద్ధమన్నమాట!

మరి రద్దీ రోడ్డుపై వందల కార్లు ఒక్కసారిగా మాట్లాడితే? ఈ చిక్కు గురించి ఆలోచించిన సంజిత్ కౌల్, మార్కో గ్రూటెసర్ ప్రభృతులు 2011లో 'సమాచారపు వయస్సు' అనే కొలతను ముందుకు తెచ్చారు. మన చేతిలో ఉన్న చివరి కబురు పుట్టి ఎంతసేపయిందన్నదే ఆ వయస్సు. 2012లో రాయ్ యేట్స్‌తో కలిసి వారు లెక్క కట్టి చూపారు. అరుదుగా పంపితే కబురు పాతబడుతుంది. మరీ తరచుగా పంపినా వరుసలో నిలబడి పాతబడుతుంది. ఈ రెంటికీ నడుమ తగిన వేగం ఒకటి ఉంటుంది.

పింఛను కోసం బ్యాంకులో నిలబడే మనకు, ముందు వచ్చినవారికి ముందు అన్నదే న్యాయం. కార్ల కబుర్లకు ఆ న్యాయం చెల్లదు. వాటిలో కొత్తది రాగానే పాతది పక్కకు తప్పుకోవాలి.

2020లో అదే కమిషన్ ఆ 75 మెగాహెర్ట్జ్‌లో 45ను వైఫై వంటి అవసరాలకు మళ్ళించింది. వాహనాలకు మిగిలింది 30 మాత్రమే. చోటు తగ్గిన కొద్దీ, ఏ కబురు ఎప్పుడు పంపాలన్న ఈ లెక్కకు విలువ పెరుగుతుంది. దాని మీద ఆధారపడేది మనుషుల ప్రాణాలు.