చూసినదీ, అనుకున్నదీ: పసిపిల్లల పరిశీలనలో రాత విలువ

తెలుగిళ్లలో బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. పసివాళ్ల ఎదుగుదలను మెట్టుమెట్టుగా గుర్తించి ఇరుగుపొరుగుకు చాటే ఈ ఆచారం నాకెంతో ఇష్టం. అయితే అది పండుగ చేసుకునేది చేరిన మెట్టును. బోర్లా పడటానికి ముందు నాలుగైదు రోజులు ఒక చెయ్యి ఒంటికింద ఇరుక్కుపోయి, దాన్ని లాక్కోలేక బిడ్డ ఏడ్చిన సంగతి తల్లి చూస్తుంది, అమ్మమ్మ చూస్తుంది. బొబ్బట్లు పంచేనాటికి ఇద్దరూ మరిచిపోతారు. నేర్చుకోవడం జరిగింది ఆ నాలుగైదు రోజుల్లోనే. దాన్ని పట్టుకోవాలంటే చూడటం చాలదు, రాయాలి. రాసేటప్పుడు కంటికి కనబడినదాన్నీ, దాన్నిబట్టి మనం అనుకున్నదాన్నీ కలపకుండా ఉంచాలి. పసిపిల్లల గురించిన పాత రాతల్లో ఈనాటికీ పనికొచ్చేవాటి బలం ఇందులోనే ఉందన్నది నా వాదన.

చార్లెస్ డార్విన్ మొదటి కొడుకు 1839 డిసెంబరులో పుట్టాడు. ఆ బిడ్డ చేష్టలను ఆయన అప్పటినుంచే రాసిపెట్టుకున్నారు. ‘మైండ్’ పత్రికలో అచ్చువేసింది మాత్రం 1877లో. ఏడోరోజున అరికాలికి కాగితం ముక్క తగిలిస్తే కాలు చటుక్కున వెనక్కి లాక్కున్నాడన్న సంగతి అందులో ఉంది. ఏడాది నిండేసరికి తిండికి ‘మమ్’ అనే మాటను తానే కల్పించుకున్నాడనీ, ఆకలైతే ఏడవడానికి బదులు ఆ మాట అనేవాడనీ, ఆ మాట చివర ప్రశ్న అడుగుతున్నట్టు గొంతు పలికేదనీ ఉంది. తర్వాత చక్కెర ‘షు-మమ్’ అయింది. అతిమధురం మిఠాయికి దాని ముందు ‘బ్లాక్’ చేరింది. మన పిల్లలకు ‘బువ్వ’, ‘లాల’ వంటి మాటలు పెద్దవాళ్లే అందిస్తారు. అయినా ఫలానా పిల్ల ‘బువ్వ’ను అన్నం నుంచి అరటిపండుకు ఏనాడు మళ్లించిందో, ఏ గొంతుతో అందో ఎవరైనా రాసి ఉంచితే భాషాశాస్త్రానికి అంతకన్నా మంచి ముడిసరుకు దొరకదు.

మనస్తత్వవేత్త జాఁ పియాజే కూడా తన ముగ్గురు పిల్లల్నే గమనించారు. 1936లో వెలువడిన ఆయన పుస్తకంలో ఒక అగ్గిపెట్టె ఘట్టం ఉంది. కూతురు లూసియెన్‌కు అప్పుడు ఏడాదీ నాలుగు నెలలు. తండ్రి పెట్టెలో చిన్న గొలుసు వేసి, మూడు మిల్లీమీటర్ల సందు మాత్రమే వదిలారు. పాప సందులో వేలు పెట్టింది, గొలుసు అందలేదు. కాసేపు ఆగి ఆ సందునే తదేకంగా చూసింది. చూస్తూ తన నోరు కొద్దిగా తెరిచి మూసింది, మళ్లీ ఇంకాస్త పెద్దగా తెరిచింది. ఆపైన తడుముకోకుండా వేలితో సందును లాగి పెద్దది చేసి గొలుసు తీసుకుంది. నోరు తెరవడం ఆలోచనకు గుర్తని పియాజే అన్నారు. ఆ మాట మనం ఒప్పుకోవచ్చు, మానవచ్చు. నోరు తెరిచిందన్నది మాత్రం అలాగే ఉంటుంది.

ఈ తేడాకు నిజమైన పరీక్ష కేంబ్రిడ్జిలో జరిగింది. 1924లో అక్కడ జెఫ్రీ పైక్ స్థాపించిన మాల్టింగ్ హౌస్ బడిని 1927 చివరిదాకా సూసన్ ఐజక్స్ నడిపారు. పిల్లలు ఏం చేశారో, ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయించారు. 1927లో పియాజే ఆ బడి చూడటానికి వచ్చారు. యంత్రాల కార్యకారణ సంబంధం ఎనిమిది తొమ్మిదేళ్లకు గాని పిల్లలకు అందదని, సైకిల్ ఎలా నడుస్తుందో చిన్నపిల్లలకు తెలియదని ఆయన అంటున్న సమయానికి, ఆరేళ్లు నిండని పిల్లవాడొకడు తోటలో మూడు చక్రాల సైకిలెక్కి పెడళ్లు వెనక్కి తొక్కుతున్నాడు. బండి ముందుకు ఎలా పోతుందని ఐజక్స్ అడిగారు. పాదం పెడలును నొక్కడం నుంచి పళ్లచక్రం, గొలుసు, చివరికి బండి చక్రం తిరగడం దాకా వాడు వరసగా చెప్పేశాడు.

అంతకన్నా నన్ను కదిలించేది 1930 నాటి ఆమె పుస్తకంలోని కుందేలు వృత్తాంతం. బడిలోని కుందేలు ఒక రాత్రి చచ్చిపోయింది. దాని పొట్ట పైకీ కిందికీ కదలడం లేదని ఒక పిల్లవాడు గమనించాడు. నీళ్లలో వేస్తే బతుకుతుందని నాన్న చెప్పాడని మరొకడు అన్నాడు. వేసి చూద్దామా అన్నారు ఐజక్స్. నీళ్లలో అది గుండ్రంగా తిరిగితే, కదులుతోంది గనుక బతికే ఉందన్నారు కొందరు పిల్లలు. అప్పుడామె ఒక చిన్న పుల్లను కూడా నీళ్లలో వేశారు, అదీ తిరిగింది. పుల్లకు ప్రాణం లేదని అందరూ ఒప్పుకున్నారు. గొయ్యి తీసి కుందేలును పూడ్చారు. మర్నాడు దాన్ని తవ్వి చూద్దామన్న మాట వచ్చింది. అది అక్కడ లేదు, ఆకాశానికి వెళ్లిపోయింది అన్నాడొకడు. తవ్వారు, విసిగి వదిలేశారు, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ మానుకున్నారు. ఉందో లేదో చూద్దామా అంటూ ఐజక్స్ కూడా చెయ్యి కలిపారు. కుందేలు అక్కడే ఉంది. పిల్లలు ఎంతో ఆసక్తిగా చూశారు.

ఇందులో ‘పిల్లలకు మరణభావన ఏర్పడలేదు’ అన్న వాక్యం ఎక్కడా లేదు. ఉంటే మిగతాదంతా మనకు దక్కేది కాదు. నీళ్లు, పుల్ల, ఆకాశం, గొయ్యి: ఒక్కో ఊహను పిల్లలు ఎలా పరీక్షించారో ఆ రాతలో ఉంది. మరొకటి కూడా ఉంది. పుల్ల వేసింది ఎవరో, చూద్దామా అన్నది ఎవరో ఆమె దాచలేదు. చూసే పెద్దవాళ్లు ఆ దృశ్యంలో భాగమే. వాళ్ల మాటను తీసేసి పిల్లవాడి జవాబు ఒక్కటే రాస్తే ఆ జవాబుకు అర్థం మారిపోతుంది. ఈ బడి పిల్లలు ఎక్కువమంది చదువుకున్నవాళ్ల ఇళ్లనుంచి వచ్చారన్నదీ గుర్తుంచుకోవాలి. ఆ పిల్లలు చేసినదాన్ని అన్ని ఊళ్ల పిల్లలకూ కొలబద్దగా పెట్టకూడదు.

అనుకున్నది కూలిపోయినా చూసినది నిలుస్తుందనడానికి పియాజే రాతలే సాక్ష్యం. వస్తువును దుప్పటి కింద దాస్తే కొన్ని నెలల బిడ్డ దానికోసం వెతకదని ఆయన చూశారు. కనబడనిది లేనట్టేనని బిడ్డ భావిస్తుందన్నారు. 1985లో రెనే బయార్జాన్, ఎలిజబెత్ స్పెల్కీ, స్టాన్లీ వాసర్మన్ చేతులతో పని లేకుండా, బిడ్డ ఎంతసేపు చూస్తుందన్నదాన్ని కొలిచారు. దాచిన పెట్టెలోంచి తెర దూసుకుపోయినట్టు కనబడితే ఐదు నెలల పిల్లలు ఎక్కువసేపు చూశారు. ఆ చూపుకు అర్థమేమిటన్న వాదం ఇంకా నడుస్తోంది. బిడ్డ వెతకదన్న పరిశీలనను మాత్రం ఎవరూ కొట్టిపారేయలేదు.

మన దగ్గర 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీలకు ఒక గొప్ప అలవాటు నేర్పింది: బిడ్డను తూచి, ఆ బరువును చార్టులో చుక్కగా పెట్టడం. కిందటి నెల చుక్క పక్కనే ఈ నెల చుక్క ఉంటుంది కాబట్టి బిడ్డ జారిపోతుంటే తెలుస్తుంది. చదువు విషయంలో ఆ ఓపిక ఇంకా రాలేదు. 2022 నాటి పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసు పిల్లల్ని అంచనా వేయడానికి రెండే దారులు చెప్పింది: పిల్లల్ని గమనించడం, వాళ్లు గీసినవీ చేసినవీ పరిశీలించడం. దారి మంచిదే. కానీ గడిలో టిక్కు పెట్టడమే గమనించడమైతే ‘గీయడం రాదు’ అన్న తీర్పు ఒక్కటే మిగులుతుంది. పలక మీద బలపంతో రెండు గీతలు పైనుంచి కిందికి లాగి, అరచేత్తో చెరిపి, మళ్లీ అదే చోట లాగాడని రాస్తే వారం తర్వాత పోల్చి చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. ముప్పైమంది పిల్లలు, వంట, రిజిస్టర్లు, ఫోనులో ఎక్కించాల్సిన లెక్కలు ఉన్న టీచరును పేజీలు రాయమనడం అన్యాయం. రోజుకు ఒక్క బిడ్డ, మూడు వాక్యాలు చాలు.

ఆదిలాబాద్ గోండు గూడేల్లోనూ, భద్రాచలం చుట్టుపక్కల కోయ పల్లెల్లోనూ ఇది మరీ అవసరం. అక్కడ ఇంటి భాష ఒకటి, టీచరు భాష ఒకటి కావచ్చు. అలాంటి చోట ‘మాట్లాడదు’ అన్న ఒక్క మాట పాపను బడిదాకా వెంటాడుతుంది. దాని బదులు రిజిస్టరులో ఇలా ఉందనుకుందాం: తెలుగులో పేరు అడిగితే తల దించుకుంది, ఆయా గోండిలో పిలిస్తే పరుగెత్తుకెళ్లింది, చింతగింజలు లెక్కపెడుతూ పక్కపాపతో గోండిలో ఐదు దాకా చెప్పింది, ఆరో గింజ దగ్గర ఆగి ఆయా ముఖం చూసింది.