ఎములాడ జాతర బొట్టు బిల్ల, దుబాయి డబ్బ

మా చిన్నతనంల కుంకుమ దుకాన్ల కొనుడు తక్కువ, బిడ్డా. మా అవ్వ ఇంట్లనే చేస్తుండె. పసుపు కొమ్ములు నిమ్మరసంల నానేసి, ఇంత వెలిగారం, ఇంత పటిక కలిపి, ఎర్రగ మారినంక నీడకు ఆరవెట్టి రోట్ల దంచేది. పల్చటి గుడ్డల జల్లెడ పట్టి, రెండు సుక్కల నువ్వుల నూనె ఏసి అరచేతిల రుద్దేది. జగిత్యాల అంగట్ల కుప్పలు పోసి అమ్మే కుంకుమ నిగనిగ మెరుస్తుండె గని మా అవ్వ కొననియ్యలే. ఎందుకంటరా? బతుకమ్మకు గునుగు పూలకు రంగద్దుతరు గదా, ఏళ్లు గులాబి అయి పండుగ ఎల్లినా గోర్ల సందుల్ల రంగు పోదు. గసొంటి రంగుల్ల రోడమిన్ అని ఒకటుంటది. అది బట్టకు, కాయితానికి అద్దే రంగు. సిరిసిల్లల నూలుకు రంగేసేటోళ్ల చేతులు చూసినోళ్లకు తెలుస్తది, ఆ రంగులు పట్టుకుంటే ఇడువయి. అగ్గువ కుంకుమల్ల గా రంగు, సీసం బయటవడ్డ ముచ్చట కొత్తది గాదు.

2017ల అమెరికాల రట్గర్స్ యూనివర్సిటోళ్లు న్యూజెర్సీలనూ మన దేశంలనూ కొన్న 118 సింధూరాలు పరీక్ష చేసిండ్రు. నూటికి 80 దాకా ఎంతోకొంత సీసం ఎల్లింది. న్యూజెర్సీల మన తెలుగోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు ఎరుకే. మన చట్టం ఏమంటదంటే, మొఖానికి పూసే దాంట్ల కలిపే రంగులల్ల, కిల రంగుకు 20 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ సీసం ఉండొద్దు, 2 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ పాషాణం ఉండొద్దు. తల్లి నుదుటి కుంకుమ చంటిపోరని చేతికంటుతది, చెయ్యి నోట్లకు పోతది. సీసం పిల్లల మెదడు మీద పడుతది. గందుకే ఆ కొలత అంత సన్నంగ పెట్టిండ్రు.

నేను కోరుట్ల దిక్కు నర్సుగ కొలువు చేసేటప్పుడు బీడీలు చేసే ఆడోళ్ల నడుమ పోయి కూసుంటుంటి. ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు. తల వంచి చేస్తనే ఉంటరు, చేతులు ఆగయి. ఒకపారి ఒక పోరి నుదుట బొట్టు బిల్ల చెమటకు కిందికి జారింది. జారిన కాడ బిల్లంత తెల్లటి మచ్చ, గీసినట్టు గుండ్రంగ. నేను చూసిన్నని ఆ పోరికి తెలిసింది. గబగబ బిల్లను పైకి జరిపి మచ్చను కప్పింది. మచ్చ తెచ్చింది ఆ బిల్లనే, దాన్ని దాస్తున్నది కూడ ఆ బిల్లతోనే. చూడొచ్చినోళ్లు బొల్లి అని ఎనుకకు మర్రిపోయిండ్రని తల్లి కండ్ల నీళ్లు తీసుకున్నది.

అది బొల్లి గాదు. కొన్ని బిల్లల ఎనుక జిగురుల పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అని ఒక సరుకు కలుపుతరు. తోలుకు రంగిచ్చే కణాలను అది చంపుతది. అందరికీ రాదు, కొందరికే. కరీంనగర్ల తోలు డాక్టరు ఆ పోరితోటి బిల్ల మానిపిచ్చిండు. నెలలు గడిస్తె అంచుల పొంటి రంగు తిరిగొచ్చింది గని నడుమ చుక్క అట్లనే మిగిలింది. ఎములాడ రాజన్న జాతరల ఇప్పటికి అట్టల కొద్ది బిల్లలు అమ్ముతరు. ఎనుక జిగురు ఏందో ఒక్క అట్ట మీద రాసి ఉండది. నాకు ఇప్పటికి గదే బాధ.



ఇంట్ల చేసిందయితే మంచిదే గదా బాపమ్మా అంటున్నవు. అన్నీ గాదు బిడ్డా. ఆముదం దీపం మీద పట్టిన కాటుక వేరు, సుర్మా వేరు. సుర్మా తాతల కాలంకెల్లి ఉన్నదే. గని ఆ మెరిసే నల్లరాయి శానామట్టుకు సీసం, గంధకం కలిసిన రాయి. పసిపిల్లల కండ్లకు అది పెట్టొద్దని నేను ఇల్లిల్లు తిరిగి చెప్పిన. పాతది అనంగనే మంచిదని గాదు, కంపెనీది అనంగనే విషమని గాదు. ఏం సరుకు, ఎంత, ఒంటి మీద ఏడ, ఎన్నొద్దులు, ఇది చూడాలె.

దాన్ని లెక్కగట్టే పద్ధతి ఉన్నది. మీ అక్క ఫార్మసీ చదివింది గదా, నాకు అదే చెప్పింది. ఒక సరుకు ఎంతవరకు లోపలికి పోయినా ఒంటికి ఏ తేడా రాదో ముందుగాల ఆ మోతాదు తేలుస్తరు. అటెన్క మనం దినాం ఎంత రాస్తం, అది కడిగేసేదా రోజంత ఉండేదా, తోలు దాటి రక్తంల ఎంత కలుస్తది, లెక్క కడుతరు. తేడా రాని మోతాదు, మన ఒంట్లకు పోయేదానికంటె కనీసం 100 రెట్లు పెద్దగుండాలె. వంద ఎందుకంటె, జంతువుకు మనిషికి ఉండే తేడాకు ఒక 10, మనిషికి మనిషికి ఉండే తేడాకు ఇంకో 10. చంటిపిల్ల, ముసలిది, కడుపుతోటి ఉన్నది, అందరు దాంట్ల రావాలె. యూరప్ శాస్త్రజ్ఞుల కమిటీ ఈ లెక్కనే పట్టుకుంటది. ముందటికాలంల ఈ సరుకులను కుందేళ్ల కండ్లల్ల పోసి చూసేది. మన దేశం 2014ల జంతువుల మీద ఆ పరీక్షలు బంద్ చేసింది. ఇప్పుడు పళ్లెంల పెంచిన తోలు కణాల మీద చూస్తున్నరు. ఆ మూగ జీవాల గోస తప్పినందుకు నాకు మనసు నిమ్మలం.

అయితే ఈ లెక్క, డబ్బ మీద ఉన్నది ఉన్నట్టు రాసేటోనికే పని చేస్తది. మన జగిత్యాల, కోరుట్లలకెల్లి ఎంతమంది గల్ఫుకు పోతరు! దుబాయికెల్లి, మస్కట్‌కెల్లి వచ్చేటప్పుడు అత్తరు, సబ్బులు, తెల్లగ చేసే క్రీము డబ్బలు తెస్తరు. ప్రేమతోటి తెస్తరు, తప్పు వాళ్లది గాదు. కొన్ని డబ్బల మీద వెండి, బంగారం, అల్యూమినియం తాకనియ్యొద్దని సన్నగ రాసి ఉంటది. మొఖానికి రాసేది నగకు తాకొద్దంటె దాంట్ల పాదరసం ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ గదే గుర్తు చెప్పింది. పాదరసం తోలుల నల్లరంగు పుట్టకుండ ఆపుతది. వారాలల్ల మొఖం తేటవడుతది, లోపట కిడ్నీలు చెడుతయి. కేరళల మలప్పురం జిల్లా కొట్టక్కల్ల, 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక తీరు కిడ్నీ జబ్బుతోటి 22 మంది దవాఖానకు వచ్చిండ్రు. వాళ్లల్ల 15 మందికి అరుదైన రకం తేలింది. ఆ 15 మందిల 13 మంది తెల్లగ చేసే క్రీములు రాసినోళ్లే.  మన చట్టంల క్రీములల్ల పాదరసం కావాలని కలుపుడే లేదు. తెలియకుండ వచ్చినా పది లక్షల పాళ్లల ఒక్క పాలు దాటొద్దు. కండ్ల చుట్టు పెట్టే వాటికే జెర ఎక్కువ ఇచ్చిండ్రు.

తల రంగు ముచ్చట కూడ చెప్పాలె. శానా నల్లరంగులల్ల పారా ఫినిలీన్ డయామిన్ ఉంటది, పీపీడీ అంటరు. యూరప్‌ల తలకు పెట్టేటప్పుడు 2 శాతం దాటనియ్యరు. ఎంత కొలిచినా ఇది కొందరికి పడది. మొదటిసారి ఏం కాదు, మల్లొకసారి పెట్టంగనే మొఖం ఉబ్బుతది. గందుకే చెవి ఎనుక సుక్క రాసి రెండొద్దులు ఆగాలె. కనుబొమ్మలకు, రెప్పలకు అసలే పెట్టొద్దు, కండ్లు పోతయని మన చట్టం డబ్బ మీద రాయిపిస్తది, స్థానిక భాషల కూడ. 1930 దశకంల అమెరికాల లాష్ లూర్ అనే రెప్పల రంగుతోటి ఆడోళ్ల కండ్లు పోయినయి, ఒకామె సచ్చిపోయింది. అటెన్క 1938ల ఆ దేశం కాస్మెటిక్స్‌ను చట్టం కిందికి తెచ్చింది. మన కాడ ఈ రంగు నోట్లకు పోయి పానం మీదికొచ్చినోళ్ల గురించి హైదరాబాద్ నిమ్స్ కిడ్నీ డాక్టర్లు 2007లనే రాసిండ్రు. గొంతు ఉబ్బి ఊపిరాడది, మూత్రం నల్లగొస్తది, కిడ్నీలు ఆగుతయి. దానికి విరుగుడు మందు లేదు. గడియ ఆగకుండ పెద్ద దవాఖానకు ఉరుకుడే. ఇంట్ల ఎవరికన్న మనసు బాగలేకుంటే ఆ డబ్బ వాళ్లకు అందకుండ తీసెయ్యుండ్రి, వాళ్ల పక్కన కూసోండ్రి.

ఇగ పొద్దుపోయింది. కొనేటప్పుడు డబ్బ తిప్పి చూడుండ్రి. చేసినోడి అడ్రసు, లైసెన్సు నంబరు, తారీఖు, కలిపిన సరుకుల పేర్లు ఉండాలె. బయటి దేశపుదైతే మన దేశంల తీసుకున్న రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలె. లేకుంటే ఎవరు తెచ్చిచ్చినా రాయొద్దు. మొఖం మీద మచ్చ వచ్చినా, మొఖం ఉబ్బినా, కాళ్లు వాచినా సిగ్గుపడి దాచొద్దు. డాక్టరు కాడికి పోయేటప్పుడు ఆ డబ్బను, ఆ బిల్లల అట్టను సంచిల ఏసుకొనే పోండ్రి.