లుప్తజీవ పునరుజ్జీవనము: ఇచ్చోడ సీమ దృష్టితో

భూమిపై నశించిపోయిన జంతుజాతిని శాస్త్రోపాయములచే మరల పుట్టింపజూచు యత్నమునకు లుప్తజీవ పునరుజ్జీవన మని పేరు. ఇది కేవలము ప్రయోగశాలకు చెందిన విషయమువలె తోచినను, చచ్చినదానిని లేపుటయందలి ధర్మాధర్మములను కథకులును గాయకులును శాస్త్రజ్ఞులకంటె చాల ముందే విచారించి యుండిరి. హైదరాబాదు–నాగపురము రహదారిపై ఆదిలాబాదు జిల్లాలో నున్న ఇచ్చోడ ఈ చరిత్రలో ఒక మజిలీ వంటిది. గోండుల పునర్జీవన గాథ నాగపురమున గ్రంథస్థ మగుటకును, ఈ సీమలో దొరికిన రాక్షసిబల్లి యెముకలు హైదరాబాదున నిలుపబడుటకును నడుమ ఈ యూరు కలదు.

పంచతంత్రమందలి అపరీక్షితకారకములో, అడవిలో దొరికిన సింహపుటెముకలను ఒకడు కూర్చగా, వేరొకడు రక్తమాంసములు కల్పింపగా, మూడవవాడు ప్రాణము పోయగా, ఆ సింహము ముగ్గురను చంపినది. విద్య లేకున్నను వివేకము గల నాలుగవవాడు చెట్టెక్కి బ్రతికెను. చిన్నయసూరి నీతిచంద్రికను మిత్రలాభ మిత్రభేదములతో ముగించుటచే ఈ కథకు ఆయన వచనభాగ్యము కలుగలేదు. పంచతంత్రమునకు పిమ్మట పెక్కు శతాబ్దములు సంజీవని గాథలు వ్యక్తిని బ్రతికించుటతోనే తృప్తిపడినవి. జాతికి జాతియే నశించునను భావము పందొమ్మిదవ శతాబ్ది సమీపించువరకు విద్వాంసులలో స్థిరపడలేదు.

ఈ సీమవరకు ఆ భావమును మోసికొనివచ్చినవారిలో ముఖ్యుడు నాగపురమున మతప్రచారకుడుగా నుండిన స్కాట్లండు దేశీయుడు స్టీవెన్ హిస్లాపు. ఆదిలాబాదు ప్రాంతపు మాలేడిలో దొరికిన ఒక ప్రాచీన మత్స్యము యొక్క దంతములకు 1859లో భూగర్భశాస్త్రజ్ఞుడు ఓల్డ్‌హాము పెట్టిన శాస్త్రీయనామము (సెరాటోడస్ హిస్లోపియానస్) ఆయన పేరనే వెలసినది. ఆశ్చర్యకర మేమనగా, శిలలలోని యెముకలను వెదకిన ఆ చేతులే గోండుల గాయకులైన ప్రధానుల నోటినుండి గోండుల పురాణవీరుడగు లింగో గాథను వ్రాసికొన్నవి. 1863లో హిస్లాపు పొంగిన వాగులో మునిగి మరణింపగా, ఆయన వ్రాతలను రిచర్డ్ టెంపుల్ పరిష్కరించి 1866లో ప్రకటించెను. ఆ గాథలో సోదరులచే చంపబడిన లింగో అమృతసేచనముచే మరల లేచును. లేచినవాడు ఊరకుండక, గుహలో బంధింపబడిన తన గోండులను వెదకుచు బయలుదేరును. లేచినవానికి తనవారు కావలెననుట ఈ గాథయందలి గంభీరమైన యంశము. కిక్రి వాద్యముపై గోండుల పురాణములను పాడు ప్రధానుల సంప్రదాయము ఈ సీమలో నేటికిని కలదు.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధము ఎముకల కాలము. గణాంకశాస్త్రజ్ఞుడు మహలనోబిసు ఆహ్వానముపై వచ్చిన పురాజీవశాస్త్రజ్ఞురాలు పమేలా రాబిన్సను తోడ్పాటుతో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో భూవిజ్ఞానశాఖ యేర్పడెను. ఆ శాఖవారు ప్రాణహితకు ఆవలి గట్టున, సిరొంచ తాలూకా పోచంపల్లి యొద్ద, 1958 మొదలు త్రవ్విన మహాకాయమునకు 'బరాపాసారస్ టాగోరై' అని పేరిడిరి. 'బరా పా' యనగా పెద్దకాలు. టాగోరై యనునది 1961లో జరిగిన రవీంద్రుని శతజయంతికి స్మారకము. భూగర్భశాస్త్రజ్ఞులు కవిని స్మరించిన ఈ నామకరణము మిక్కిలి సుందరమైనది. 1975లో శాస్త్రీయవర్ణనము వెలువడెను. ఇవ్వలి గట్టున, నాటి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి యొద్ద, 1970వ దశకాంతమున దొరికిన 840 యెముకలను పరిశీలించి పురాజీవశాస్త్రజ్ఞుడు యాదగిరి 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అను జాతిని ప్రకటించెను. హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నేడు నిలిచియున్న కంకాళము దీనిదే. అయితే ఆ యెముకలు పండ్రెండింటికి తక్కువగాని జంతువులవి. కపాలము దొరకనే లేదు. చూపరులు వ్రేలెత్తి చూపు తల సాటిజాతుల పోలికతో చేసిన శిల్పమే గాని వేరుకాదు.

జీవకణములతో యత్నము హైదరాబాదునకు ఆలస్యముగా వచ్చెను. 1952లో మన దేశమున లుప్తమైనట్లు ప్రకటింపబడిన ఆసియా చీతాను క్లోనింగు పద్ధతిని పుట్టింపవలెనని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనాకేంద్రమున శాస్త్రజ్ఞుడు లాల్జీసింగు సంకల్పించెను. ఇరాను తన చీతాల నిచ్చుటకు సమ్మతింపలేదు. ఇట్టి యత్నమే జరిగిన స్పెయినున 2003లో కణములనుండి పుట్టించిన పిరనీసు కొండమేక పిల్ల ఊపిరితిత్తుల లోపముచే కొలది నిమిషములకే చనిపోయెను. ఒకవేళ బ్రతికినను దానికి తల్లిమంద యెక్కడిది అను ప్రశ్న తత్త్వవేత్తలు లేవనెత్తినదే; లింగో గాథ నెరిగినవారికి అది క్రొత్తది కాదు.

కణమార్గమున గాక వేరుత్రోవను, 2022 సెప్టెంబరు 17న నమీబియానుండి ఎనిమిది ఆఫ్రికా చీతాలను తెచ్చి మధ్యప్రదేశములోని కూనో వనమున విడిచిరి. వానిలో నొకదానికి ఆశ యని పేరు పెట్టిరి. తెలుగున ఈ వేటమృగమునకు సివంగి యను పూర్వనామము కలదు. నేడు ఆ పేరు ఆడసింహమునకును, తెగువ గల ఆడుదానికిని చెల్లుచున్నది. కూనోకు వచ్చినవానిని మన పత్రికలు చీతాలనియే వ్రాసినవి.