వార్డరు గారి నెలజీతం

భావనపాడులాంటి ఊళ్ళో నెలజీతం అన్న మాటకున్న రుచి మన పట్నం ఇల్లాళ్ళకి తెలీదు. పడవ ఒడ్డుకొచ్చి చేపలు అమ్ముడయ్యాక, పడవ యజమాని వాటా పోగా మిగిలింది వేటకెళ్ళినవాళ్ళు పంచుకోవాలి. వల ఖాళీగా వస్తే వాటా కూడా ఖాళీయే! అందుకే 2018లో పోలీసు కానిస్టేబుళ్ళకీ, ఫైర్‌మెన్‌కీ, జైలు వార్డర్లకీ కలిపి ఒకే ప్రకటన పడితే, వార్డరు పోస్టయినా చాలుననుకున్న తల్లులు ఎందరో.

"వార్డరంటే పోలీసు కాదేటమ్మా?" అనడిగింది అక్కడొకావిడ. కాదు. ఆ కొలువు కథే వేరు.

రాజమండ్రి జైలు 1864లో సెంట్రల్ జైలయింది. ఆ కాలపు జైళ్ళలో కాపలా పని కొంత ఖైదీలే చేసేవారు. మంచి నడవడి గల ఖైదీని ఏరి తోటివాళ్ళ మీద పెట్టేవారు. 1894 నాటి జైళ్ళ చట్టం అలాంటివాణ్ణి ప్రభుత్వోద్యోగిగా లెక్కించింది కూడాను. మరి జీతమో? శిక్షలో అదనంగా కొన్ని రోజుల తగ్గింపు. రూపాయల్లో కాదు, రోజుల్లో జీతమన్నమాట!

జీతం పుచ్చుకునే ఉద్యోగికి ఆ చట్టమే వడ్డించిన విస్తరి చూడండి. జైలరు జైల్లోనే కాపురముండాలి. రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఒక్క రాత్రయినా బయట గడపరాదు. ఇక జైలరు మొదలు కింది ఉద్యోగుల దాకా ఎవరైనా రెండు నెలల ముందు నోటీసివ్వకుండా కొలువు మానేసినా, సెలవు మీదెళ్ళి కావాలని గడువు దాటించినా, మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. రెండు వందల రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా ఖైదు, లేదా రెండూను. ఆ రోజుల్లో రెండు వందలంటే వార్డరుకి ఎన్ని నెలల జీతమో మీరే లెక్కేసుకోండి. చెల్లెలి పెళ్ళికెళ్ళి నాలుగు రోజులు ఎక్కువుంటే కాపలావాడే ఖైదీ!

దువ్వూరి సుబ్బమ్మగారు, దుర్గాబాయిగారు జైలుకెళ్ళిన సంగతి మనందరికీ తెలుసు. వాళ్ళ గది తాళం తీసి వేసిన మనిషికి ఎంతిచ్చేవారో ఎవరమూ అడగలేదు. మా నవలల్లోనూ అంతే. వార్డరుకి మీసాలుంటాయి, లాఠీ ఉంటుంది, జీతం మాత్రం ఉండదు.

అడిగినవాళ్ళు లేకపోలేదు. 1919-20లో కార్డ్యూ అధ్యక్షతన కూర్చున్న జైళ్ళ కమిటీ, మంచి మనుషులు కావాలంటే మంచి జీతమివ్వాలంది. ఆ కార్డ్యూ మన మద్రాసు రాజధానిలో పెద్ద ఉద్యోగం చేసినవాడే. అరవై ఏళ్ళు పోయాక 1983లో జస్టిస్ ముల్లా కమిటీ కూడా సిబ్బంది బాగోగులు చూడమని మళ్ళీ రాసింది. 1996లో సుప్రీంకోర్టు, ఈ పాత చట్టం మార్చండర్రా అంది. కేంద్రం నమూనా చట్టం తయారుచేసేసరికి 2023 వచ్చింది! అదీ నమూనాయే. జైళ్ళు రాష్ట్రాల వ్యవహారం కనక ఎవరి బొక్కసం వాళ్ళది. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరినవాళ్ళకి పాత పెన్షను పోయి, జీతంలోంచి వాటా కోసే పథకం వచ్చింది. వాటాలంటే విసిగి నెలజీతానికి వచ్చినవాడికి ఇక్కడా వాటాయే!

క్వార్టర్సు ఇస్తారుగా అంటారేమో. ఇస్తే అది జైలు గోడ పక్కనే ఉంటుంది. జైలుకి సంక్రాంతి సెలవంటూ లేదు కదా, ఆ ఇంటి ఇల్లాలు అరిసెల పాకం ఏ రోజు పట్టాలో పంచాంగం చూసి తేల్చుకోలేదు, ఆయన డ్యూటీ చూసుకోవాలి.